బదులు డ్యూటీ చీటీలు

విశాఖపట్నం, వన్‌టౌన్
18 నవంబరు 2024

వరహాలు బావకి,

ఇద్రీస్ సలాం. నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పాతికేళ్ళుగా మొహాలు చూసుకున్నవాళ్ళం, మనకి ఉత్తరాలతో పనేముంది? ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా! కిడ్నీ మాట ఎత్తగానే "ఏటి బావా, ఈయేళ ఏటి వండినారు?" అని దారి మళ్ళిస్తావు. కాగితం మీదైతే నాకు అడ్డం రాలేవు.

మొన్న సోమవారం ఆసుపత్రిలో కిడ్నీ అనుమతుల కమిటీ వాళ్ళు మనిద్దర్నీ వేరువేరుగా పిలిచారు కదా. నిన్నేం అడిగారో నువ్వు చెప్పలేదు. నన్నడిగింది నేను చెప్తాను. "ఈయన మీకేమవుతారు?" అన్నారు. బావ అన్నాను. ఒకాయన కాగితాలు చూసి, కళ్ళజోడు మీంచి నన్ను చూసి, "షేక్ ఇద్రీస్‌కి గొర్లె వరహాలు బావ ఎలా అయ్యాడండీ?" అన్నాడు. మా వైపు అందరం అలాగే పిలుచుకుంటామండీ అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. ఆ రాసుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా జబ్బుతో ఉన్న మనిషికి కిడ్నీ ఇస్తానని వస్తే, దొంగసరుకు తెచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు.

బయటికొచ్చాక ఆసుపత్రిలో కాగితాలు చూసే నీలిమ గారు నెమ్మదిగా చెప్పింది. పెళ్ళాం, పిల్లలు, తోబుట్టువులు లాంటి దగ్గరివాళ్ళు ఇస్తే గొడవ తక్కువట. బయటివాడు ఇస్తానంటే మాత్రం అది అభిమానంతోనే, అమ్ముకోవడం కాదని తేలాలట. "పేదవాళ్ళ కిడ్నీలు కొనేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఈ చట్టం వచ్చిందండీ, మీ మీద అనుమానం కాదు" అంది. ఆమె చెప్పాక నా కోపం సగం దిగింది. చట్టం మంచిదే. కానీ మన స్నేహానికి రుజువు తెమ్మంటే ఎక్కణ్ణుంచి తేను? పాత ఫొటోలు కావాలట. ఉక్కు ప్లాంటు క్రేను క్యాబిన్‌లో మనల్ని ఎవడు ఫొటో తీశాడు? మా తమ్ముడు సొహైల్ పెళ్ళిలో తీసినవి పాత ఫోనుతో పాటే పోయాయి. ఫోన్ కాల్స్ లిస్టు తీయించాను. రెండేళ్ళకి మించి వెనక్కి ఇవ్వరట. అది నీకు జబ్బు చేశాకే కదా, పనికిరాదన్నారు.

మళ్ళీ కూర్చునేది జనవరి ఆరున. అప్పటికి ఏదో ఒక కాగితం ఉండాలి. మదీనా కూడా వచ్చి, నా మొగుడు ఇవ్వడం నాకిష్టమే అని చెప్పాలి. మొన్న జ్వరం వల్ల రాలేకపోయింది. ఈసారి వస్తుంది.

పైడితల్లి చెల్లెమ్మకి సలాం చెప్పు. ఉప్పు తగ్గించు. ఎండుచేప ముక్క నోట్లో వేసుకున్నావని తెలిస్తే ఎలమంచిలి వచ్చి మరీ తంతాను.

నీ
ఇద్రీస్

*

ఎలమంచిలి
27 నవంబరు 2024

బావా,

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చిస్తే పైడితల్లి కోర్టు నోటీసేమో అని ఏడుపు అందుకుంది. చదివి వినిపిస్తే అప్పుడు నవ్వింది.

నేను బాగానే ఉన్నాను. వారానికి మూడుసార్లు అనకాపల్లి వెళ్ళి పడుకుంటే ఆ మెషీన్ నా నెత్తురంతా బయటికి లాగి, చాకిరేవులో ఉతికినట్టు ఉతికి, మళ్ళీ లోపలికి పంపుతోంది. నాలుగు గంటలు కదలకూడదు. క్రేను ఎక్కి కూర్చున్నట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ కిందికి చూస్తే ఎర్రటి ఇనుము కనపడదు, గచ్చు కనపడుతుంది. పక్క మంచం దాలయ్య గారని పెద్దాయన ఉండేవాడు. ఈ వారం రాలేదు. ఎందుకు రాలేదని నేనూ అడగలేదు.

ఇక అసలు సంగతి. రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసే అప్పలరాజు తెలుసు కదా, మా పెదనాన్న మనవడు. వాడికి చెప్తే తేలిగ్గా నవ్వేశాడు. "పాత ఉత్తరాలు లేకపోతే పుట్టించండి మావా. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే ఇరవయ్యేళ్ళు ఇట్టే వచ్చేత్తాయి" అన్నాడు. నిన్న ఒకటి రాశాను. దీంతో పెడుతున్నాను, చూడు. బాగుంటే ఇంకో పది రాసి పడేస్తాను. నువ్వూ నాకో పది రాయి.

నీ
వరహాలు

(దీంతో పెట్టిన కాగితం)

గాజువాక
12 జూన్ 2004

ప్రియమైన ఇద్రీస్ బావకి వరహాలు వ్రాయునది. మేమిక్కడ క్షేమం. నువ్వు సెలవు పెట్టి మీ అత్తవారింటికి వెళ్ళినప్పటి నుంచి క్యాబిన్‌లో నాకేమీ తోచడం లేదు. నీలాగ కూనిరాగాలు తీసేవాడు ఇక్కడ ఎవడూ లేడు. త్వరగా రా. మదీనా చెల్లెమ్మని అడిగానని చెప్పు. హీనా పాపకి ముద్దులు.

*

విశాఖపట్నం, వన్‌టౌన్
5 డిసెంబరు 2024

బావా,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. రంగు బాగా కుదిరింది. రాత కూడా, నిజం చెప్పాలంటే, నాచేత రెండుసార్లు చదివించుకుంది. కానీ 2004లో హీనా ఎక్కడుంది బావా? అది పుట్టడానికి ఇంకా ఐదేళ్ళుంది! మీ అప్పలరాజు దస్తావేజులు కూడా ఇలాగే రాస్తాడేమో, ఎలమంచిలి వాళ్ళ ఇళ్ళూ పొలాలూ ఏమయ్యాయో కనుక్కోవాలి.

హీనాకి చూపిస్తే పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, "పుట్టకముందే ముద్దులు పంపారు నాన్నా వరహాలు మావ" అని ఊరుకుంది. కాసేపటికి లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. మా ఇంటికి ఉత్తరం రాస్తూ దాని పేరు లేకుండా ముగించడం నీ చేతకాలేదు. అంతే కదా?

ఇలాంటివి ఇంకొకటి రాశావంటే నా మీద ఒట్టే. కమిటీ ముందు ఒక్క దొంగ కాగితం బయటపడితే మన నిజం కూడా దొంగదైపోతుంది. ఇద్దరం కిడ్నీ బేరగాళ్ళమని కేసు పెడతారు. నీ ఉత్తరం చింపేద్దామంటే మదీనా చింపనివ్వలేదు. దాని సంగతి తెలుసు కదా, రాత ఉన్న కాగితం ఏదైనా సరే పారేయకూడదు, కాలికి తగలకూడదు, ఏ దేవుడి పేరు ఉందో అంటుంది. పట్టుకెళ్ళి ఎక్కడో పెట్టింది.

మన మ్యూచువల్ చీటీలు గుర్తొచ్చి నిన్న ప్లాంటుకి వెళ్ళాను. డ్యూటీ మార్చుకున్నప్పుడల్లా కార్బన్ పెట్టి రాసి, ఇద్దరం సంతకాలు చేసి, ఒక కాపీ టైమాఫీసులో ఇచ్చి, చెరొకటి జేబులో పెట్టుకునేవాళ్ళం కదా. మీ నూకాలమ్మ జాతరకి నేను నీ బదులు ఎక్కినవీ, నువ్వు నా బదులు ఎక్కినవీ, అన్నీ ఆ చీటీల్లోనే ఉండాలి. టైమాఫీసు అర్జునరావు గారు నన్ను గుర్తుపట్టి టీ ఇప్పించాడు. హాజరుకి మొహం చూసే మెషీన్ పెట్టాక పాత పుస్తకాలన్నీ తీసేశారట. "మెషీన్‌కి బదులు మనిషి అంటే తెలీదు ఇద్రీసూ. ఎవరి మొహానికి వాళ్ళ డ్యూటీయే" అన్నాడు. మన జేబు కాపీలు ఎవరు దాచారు? నీవైతే బీడీలు ముట్టించుకోడానికే సరిపోయాయి.

ఇంకా నెలుంది. ఏదో ఒకటి దొరుకుతుంది. ధైర్యంగా ఉండు.

నీ
ఇద్రీస్

*

ఎలమంచిలి
16 డిసెంబరు 2024

ఇద్రీస్ బావకి,

ఇది నవ్వులాట ఉత్తరం కాదు. పూర్తిగా చదువు.

పైడితల్లి మొన్న మదీనా చెల్లెమ్మకి ఫోన్ చేసింది. నువ్వు చెప్పిన జ్వరం జ్వరం కాదట. చెల్లెమ్మకి ఇష్టం లేదట. వాళ్ళ నాన్న నడుచుకుంటూ ఆపరేషన్‌కి వెళ్ళి, తిరిగి రాలేదట కదా. ఆ భయం ఆమెని పట్టుకుని వదలడం లేదు. ఫోన్లో ఏడ్చిందట. "వరహాలు అన్నయ్య బతకాలి వదినా, కానీ ఈయనకేమైనా అయితే నేనెవర్ని అడగను?" అందట. పైడితల్లి ఫోన్ పెట్టేసి నాతో ఒక్క మాటే అంది. "ఆళ్ళింటి దీపం ఆర్పి మన దీపం ఎట్టుకోలేము" అంది. తన కిడ్నీ ఇద్దామంటే ఆమెకి షుగరు, మా అబ్బాయి గోపికి రక్తం గ్రూపు కలవలేదు. అయినా ఆ మాట అంది చూడు, అదీ నా పెళ్ళాం.

నీలిమ గారికి ఫోన్ చేసి చెప్పేశాను, జనవరి ఆరున నేను రానని. మా ఇద్దరి కాగితం పక్కన పెట్టేయండి అన్నాను. ఆమె ఒకసారి ఆలోచించుకోండి అంది. ఆలోచించేశాను.

కమిటీ వాళ్ళు నన్నేం అడిగారని పదేపదే అడుగుతున్నావు కదా. "మీరు ఆయనకేం చేశారని ఆయన మీకు కిడ్నీ ఇస్తున్నారు?" అన్నారు. "నానేటీ సెయ్యలేదండి, ఆడికి బుద్ధి లేదు" అన్నాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. మరింకేం చెప్పను? పక్కపక్కన పనిచేశాం. ఒకరి క్యారేజీ ఒకరం తిన్నాం. ఇవన్నీ చెప్పుకునే సంగతులా?

నాకు బతకాలని లేదనుకోకు బావా. ఉంది. గోపి పెళ్ళి చూడాలనుంది. మంచినీళ్ళు గొంతు నిండా ఒక్కసారి తాగాలనుంది, రోజుకి రెండు గ్లాసులు కొలిచి తాగుతున్నాను. కానీ చెల్లెమ్మ కన్నీళ్ళ మీద బతకలేను. నువ్వు ఇస్తానన్నావు చూడు, అది నాకు ముట్టినట్టే. ఇంక ఈ మాట ఎత్తొద్దు.

వరహాలు

*

విశాఖపట్నం, వన్‌టౌన్
24 డిసెంబరు 2024

వరహాలు అన్నయ్యకి,

మదీనా బీ సలాం. నాకు తెలుగు మాట వచ్చు, రాత రాదు. నేను చెప్తుంటే హీనా రాస్తోంది. ఇది ఏమైనా కలిపి రాస్తే చెవి మెలిపెడతానని చెప్పాను. (కలపడం లేదు మావా. హీనా.)

నువ్వు రానన్నావని తెలిసి హీనా వాళ్ళ నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాతో గొడవ కూడా పడలేదు. తిట్టినా బాగుండేది. నీ ఉత్తరం దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. నేను చూడలేక, ఆ ఉత్తరం తీసుకెళ్ళి నా బిస్కెట్ల డబ్బాలో పెట్టబోయాను.

ఆ డబ్బా సంగతి నీకు తెలీదు. పెళ్ళయినప్పటి నుంచి ఈయన చొక్కాలు ఉతికేముందు జేబుల్లో దొరికిన కాగితాలన్నీ దాంట్లో వేస్తాను. రాత ఉన్నది పారేయలేను. అవేంటో చదవడం నాకు రాదు, ఈయనా ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు డబ్బా నిండిపోయి మూత పట్టలేదు. ఏం కాగితాలమ్మా ఇవి అని హీనా కింద పరిచి కూర్చుంది. ఒకటి చదివింది, రెండు చదివింది, మూడోది చదివి, మిగతావన్నీ తేదీల వారీగా పేర్చడం మొదలుపెట్టింది.

అన్నయ్యా, అవి మీ డ్యూటీ చీటీలు. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా డ్యూటీ, ఇద్రీస్‌ది, బదులు చేసేది వరహాలు. మళ్ళీ వరహాలు, మళ్ళీ వరహాలు. కొన్ని నవంబరులో ఉన్నాయి, కొన్ని ఆగస్టులో, కొన్ని మే నెల ఎండల్లో. నెల మారిపోతోంది ఎందుకని హీనా ఫోన్లో వెతికింది. ఏ ఏడు రంజాన్ ఎప్పుడొచ్చిందో చూసి తేదీలు కలిపింది. మీ జాతరవి నాలుగైదు తప్ప అన్నీ రంజాన్ రోజులే.

నేను ఇన్నేళ్ళూ ఏమనుకున్నానో తెలుసా? పెళ్ళైన మొదటి రంజాన్‌లో, సాయంత్రం డ్యూటీ పడితే ఇఫ్తార్‌కి ఎలా వస్తారు అని అడిగాను. "కంపెనీ వాళ్ళు మాకు సర్దుతారులే" అన్నాడు. నమ్మాను. రోజా ఉపవాసం ఉన్నవాణ్ణి అరవై అడుగుల ఎత్తు క్రేను మీద కూర్చోబెట్టకుండా, పొద్దు వాలేసరికి నా ఇంటికి పంపే కంపెనీ ఎంత మంచిదో అనుకున్నాను. రోజూ ఖర్జూరం నోట్లో పెట్టుకునే ముందు ఆ కంపెనీ చల్లగా ఉండాలని దువా చేశాను. ఇరవై రెండు రంజాన్‌లు చేశాను. ఆ తర్వాత మొహం చూసే మెషీన్ వచ్చింది, ఈయన ఇఫ్తార్‌కి ఇంటికి రావడం మానేశాడు. క్రేను మీదే నీళ్ళతో రోజా విప్పానని చెప్పేవాడు. కంపెనీకి దయ పోయింది అని తిట్టుకున్నాను.

ఆ కంపెనీ నువ్వన్నమాట.

ఇంకొకటి. చీటీలో కారణం అని ఒక గడి ఉంది. అక్కడ రంజాన్ అని లేదు, ఇద్రీస్ ఇఫ్తార్ అని లేదు. ప్రతి చీటీలోనూ నీ రాతతో "సొంత పని" అని ఉందట. మా ఇంటి ఇఫ్తార్ నీకు సొంత పని ఎలా అయింది అన్నయ్యా?

నాకు ఇంకా భయంగానే ఉంది. అబద్ధం చెప్పను. ఆపరేషన్ గది తలుపు తలచుకుంటే మా నాన్నే కనపడతాడు. అయినా జనవరి ఆరున నేను వస్తాను, నువ్వు రావాలి. రాకపోతే ఆ చీటీల డబ్బా పట్టుకుని ఎలమంచిలి వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను. పైడితల్లి వదినకి చెప్పు, దీపం ఆరదు.

నీ చెల్లెలు
మదీనా బీ

(మావా, రెండు వందల పదకొండు చీటీలున్నాయి. చెమటకి అంటుకుపోయినవి విడదీశాను. నేను పుట్టకముందే పంపిన ముద్దుల ఉత్తరం మాత్రం కమిటీకి ఇవ్వను. అది నాది. హీనా.)

*

విశాఖపట్నం, వన్‌టౌన్
9 జనవరి 2025

బావా,

నీలిమ గారు ఇప్పుడే ఫోన్ చేసింది. నీకూ చేసే ఉంటుంది. ఒప్పుకున్నారు. ప్లాంటు మానేశాక గొడుగులు బాగుచెయ్యడమే కదా నా పని, దుకాణంలో ఒక గొడుగు కమ్మీ బిగిస్తున్నాను. కమ్మీ చేతిలోంచి ఎక్కడికి ఎగిరిపోయిందో ఇంకా దొరకలేదు. గొడుగు తాలూకు ఆయన నా మొహం చూసి, రేపొస్తాలెండి అని వెళ్ళిపోయాడు.

ఆరో తేదీన నువ్వు వచ్చావు సరే, కమిటీ గదిలో నువ్వు లేనప్పుడు ఏం జరిగిందో రాస్తాను. నిన్ను బస్సెక్కించేటప్పుడు చెప్పబోయేలోగా బస్సు కదిలిపోయింది. కళ్ళజోడాయన చీటీలన్నీ ఓపిగ్గా తిరగేశాడు. సంతకాలు ఒకదాంతో ఒకటి పోల్చాడు. హీనా రాసిన తేదీల కాగితం పక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత మదీనాని అడిగాడు. "అమ్మా, మిమ్మల్నెవరూ బలవంతపెట్టలేదు కదా? మీకు ఇష్టమేనా?" మదీనా బల్ల మీది చీటీ ఒకటి చేతిలోకి తీసుకుంది. అప్పుడంది: "నా మొగుణ్ణి ప్రతి రంజాన్‌లో ఆకలి టైముకి నా దగ్గరికి పంపింది ఆ అన్నయ్యండి. ఆయన పెళ్ళాం దగ్గరికి ఆయన్ని పంపాలి కదా మేము." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

దానికి ఇన్నేళ్ళు అబద్ధం చెప్పినందుకు నన్ను ఇంకా సాధిస్తూనే ఉంది. నీ పేరు చెప్పి తప్పించుకుందామని చూశాను. ఆ మొదటి చీటీ రోజు నువ్వన్న మాటే చెప్పాను. "ఇంట్లో సెప్పకు బావా. సెల్లెమ్మకి తెలిత్తే దినామూ గిన్నెలు కట్టి పంపుతాది, నాను తినలేక సావాల" అన్నావు కదా. అది విని, "అందుకేనా పండక్కి పంపిన సేమ్యా మాత్రం గిన్నె నాకి పంపేవాడు" అంది. నవ్వుతూనే ఏడ్చింది. దానికి భయం పోలేదు. రోజూ నమాజు తర్వాత చాలాసేపు కూర్చుంటోంది. నాకూ లోపల కొంచెం భయంగానే ఉంది బావా, నీకు చెప్పకుండా ఎవరికి చెప్పను? ఇవ్వడానికి కాదు. ఇచ్చాక అది నీ ఒంట్లో సరిగ్గా పనిచేస్తుందా లేదా అని.

ఆపరేషన్ ఫిబ్రవరి పన్నెండు. మర్చిపోకు.

ఇద్రీస్

*

విశాఖపట్నం, ఆసుపత్రి వెనక వీధి, అద్దె గది
1 మార్చి 2025

బావా,

డాక్టరమ్మ రాయొచ్చంది, అందుకని రాస్తున్నాను. నువ్వు ఐదో రోజుకే ఇంటికి వెళ్ళిపోయావు, నన్ను మాత్రం పదిహేను రోజులు అద్దాల గదిలో ఉంచారు. ఇప్పుడీ గదిలో పైడితల్లి మూతికి గుడ్డ కట్టుకుని నాకు అన్నం పెడుతోంది. పొద్దున్న గొంతు నిండా నీళ్ళు తాగాను. గ్లాసు కొలవలేదు. తాగి ఏడ్చాను. పైడితల్లి కంగారుపడి నీలిమ గారికి ఫోన్ చెయ్యబోయింది.

రేపటి నుంచి రంజాన్ కదా. ఈ ఏడు నిన్ను ఉపవాసం ఉండొద్దన్నారని, నువ్వు మొహం వేలాడేసుకున్నావని హీనా చెప్పింది. మంచినీళ్ళు తగ్గితే నీకు ఇప్పుడు మంచిది కాదు, చెప్పిన మాట విను. నీ బదులు నేనుంటానని డాక్టరమ్మతో అంటే నన్నూ తిట్టింది. చివరికి మా గోపి మొదటి రోజు తానుంటానన్నాడు. లెక్కలోకి వస్తుందో రాదో చెల్లెమ్మని అడిగి చెప్పు. సాయంత్రం ఇఫ్తార్‌కి వాడు మీ ఇంటికే వస్తాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. కడుపు నిండా పెట్టి పంపండి.

అర్జునరావు గారు మొన్న చూడ్డానికి వచ్చి, సొరుగులో ఎక్కడో మిగిలిందని ఒక ఖాళీ చీటీ తెచ్చిచ్చాడు. నింపేశాను. నా సంతకం అయిపోయింది. నువ్వు కూడా సంతకం పెట్టి చెల్లెమ్మ డబ్బాలో వెయ్యి.

డ్యూటీ ఎవరిది: గొర్లె వరహాలు
బదులు చేసేది: షేక్ ఇద్రీస్ గారి ఎడమ కిడ్నీ
ఏ షిఫ్టు: మూడు షిఫ్టులూ
ఎప్పటి నుంచి: 12-2-2025
ఎప్పటి వరకు: ఖాళీ వదిలేశాను
కారణం: సొంత పని